జవాను వణికే సీనుకు కోత వేయకండి: నాటక పరిషత్తులకు బహిరంగ లేఖ

తెలుగు నాటక పరిషత్తుల నిర్వాహకులకు, స్క్రూటినీ కమిటీల సభ్యులకు, న్యాయనిర్ణేతలకు, సాటి రచయితలకు, దర్శకులకు

నమస్కారం.

చందాలు పోగుచేసి, చాలకపోతే జేబులోంచి వేసుకుని ఏటా పోటీలు నడుపుతున్న మీ కష్టం మాకు తెలుసు. మీరు లేకపోతే మాలాంటి చిన్న నాటక సమాజాలకు వేదికే లేదు. అందుకే ఈ మాట ముందు మీలో ఒక కమిటీకి విడిగా ఉత్తరం రాసి అడిగాం. జవాబు రాలేదు. ఫోన్ చేస్తే "చూద్దాం లెండి" అన్నారు. సీజన్ కూడా అయిపోయింది. ఇక నలుగురిలో అడగడం తప్ప మాకు దారి కనిపించలేదు.

సంగతి ఇది. మేం ఒక నాటిక పంపాం. సరిహద్దు బంకర్లలో ఏళ్ల తరబడి పనిచేసి, రిటైరై ఇంటికొచ్చిన హవల్దారు కథ. ఆయనకు రాత్రిళ్లు నిద్ర ఉండదు. వేసిన గడియే మళ్లీ మళ్లీ చూసుకుంటాడు. వీధిలో పెళ్లి ఊరేగింపు వెళ్తూ బాణసంచా పేలితే మంచం కింద దూరతాడు. కమిటీవారు స్క్రిప్టు మీద రెండు మార్పులు రాసి తిప్పి పంపారు. మంచం కింద దూరే సీను 'జవాను గౌరవానికి భంగం', తీసేయాలి. చివర్లో జెండా రావాలి. మేం రెండూ చేయలేదు. నాటిక ఎంపిక కాలేదు.

ఎంపిక కానందుకు ఏడవడం లేదు. ఏటా ఎన్నో స్క్రిప్టులు తిరిగొస్తాయి, మాదేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. మా గొడవంతా ఆ కారణంతోనే. ఎందుకంటే ఇదే మాట వేరే పరిషత్తులకు పంపిన వేరే సమాజాలవాళ్లూ విన్నారు. రాతలో లేని రూల్ ఒకటి నడుస్తోంది: వేదిక మీద జవాను చనిపోవచ్చు, భయపడకూడదు. కాలు పోవచ్చు, మతి చెదరకూడదు. ఈ రూల్‌ని ప్రపంచ నాటకరంగం తొంభై ఏళ్లకు పైనే అయింది, పక్కనపెట్టి. ఎలా పెట్టిందో, పెట్టకపోతే ఏమయ్యేదో చెప్పాకే మా కోరికలు ముందుంచుతాం. కొంచెం పెద్ద ఉత్తరం, ఓపిక పట్టండి.

మొదటి ప్రపంచ యుద్ధం పడమటి రంగంలో కందకాల యుద్ధం. 1914 చివరికల్లా బెల్జియం తీరం నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా రెండు పక్షాలూ నేలలో ట్రెంచ్‌లు తవ్వుకుని ఎదురెదురుగా కూర్చున్నాయి. నాలుగేళ్లు దాదాపు అలాగే గడిచాయి. మన పౌరాణికాల్లో పొద్దున శంఖం ఊదితే సాయంత్రానికి ఎవరు పడ్డారో ఎవరు నిలిచారో తేలిపోతుంది. ట్రెంచ్‌లో సైనికుడి పని ఎక్కువ భాగం ఎదురుచూడటమే. మోకాలి లోతు బురద, ఎలుకలు, పేలు, పక్కనే పూడ్చీ పూడ్చని శవాలు, ఎప్పుడు ఎక్కడ పడుతుందో తెలియని ఫిరంగి గుండు. కొడదామంటే ఎదురుగా మనిషి కనపడడు. పోదామంటే వెనక్కి దారి లేదు. అలాంటి చోట నుంచి, ఒంటి మీద చిన్న గాటు కూడా లేకుండా, మాట పడిపోయినవాళ్లు, చూపు పోయినవాళ్లు, కాళ్లు చచ్చుబడినవాళ్లు, వణుకు ఆగనివాళ్లు ఆసుపత్రులకు రావడం మొదలుపెట్టారు. చార్లెస్ మయర్స్ అనే డాక్టరు 1915 ఫిబ్రవరిలో లాన్సెట్ వైద్య పత్రికలో ఇలాంటి కేసుల్ని వివరిస్తూ 'షెల్ షాక్' అన్న పేరు వాడాడు. యుద్ధం ముగిసేసరికి బ్రిటిష్ సైన్యంలోనే సుమారు 80,000 మంది ఈ లెక్కలోకి వచ్చారు.

గుండు పేలిన అదురుకు మెదడు కదిలిపోతుందని మొదట్లో అనుకున్నారు. గుండు దరిదాపుల్లో లేనివాళ్లకు కూడా వచ్చేసరికి ఆ వాదన నిలవలేదు. అప్పుడు అధికారుల చేతిలో రెండే ముద్రలు మిగిలాయి, ఒకటి జబ్బు, రెండోది పిరికితనం. ఎవరికి ఏ ముద్ర పడుతుందన్నది చాలావరకు హోదాను బట్టి ఉండేది. ఆఫీసరైతే ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో రివర్స్ అనే డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించేవాడు. మామూలు సిపాయికి లండన్ క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో, మాట బయటికి వచ్చేదాకా గొంతుకు కరెంటు పెట్టిన సందర్భాలున్నాయి. ఇంకొందరికి అదీ దక్కలేదు. హ్యారీ ఫార్ అనే సిపాయి 1915లో షెల్ షాక్‌తో నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. మళ్లీ ముందు వరసకు పంపారు. 1916లో ఇక పోలేనన్నాడు. కోర్టు మార్షల్‌లో పిరికితనం నేరం మోపి అక్టోబరు 18న తెల్లవారుజామున సొంత సైన్యమే కాల్చేసింది. భార్యకు పింఛను ఆపేశారు, చిన్నపిల్లతో ఆమె రోడ్డున పడింది. ఆ పిల్లే ముసలితనంలో తండ్రి కోసం కోర్టుదాకా వెళ్లి పోరాడింది. ఫార్‌తో కలిపి, అలా కాల్చేసిన 306 మందికి బ్రిటన్ ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చింది 2006లో.

ప్రభుత్వానికి తొంభై ఏళ్లు పట్టింది. నాటకానికి పదేళ్లే పట్టింది.

ఆర్.సి. షెరిఫ్ ఇన్సూరెన్సు ఆఫీసు గుమాస్తా. ఈస్ట్ సర్రే రెజిమెంట్‌లో ఆఫీసరుగా ట్రెంచ్‌లలో ఉండి 1917లో బెల్జియంలోని పాషెండేల్ యుద్ధంలో గాయపడ్డాడు. ఆయన రాసిన 'జర్నీస్ ఎండ్'ను లండన్ మేనేజర్లు వరసపెట్టి తిప్పి పంపారు. యుద్ధం కథ ఎవరికి కావాలి, పైగా ఒక్క ఆడపాత్ర అయినా లేదు అన్నారు. ఆయన తర్వాత తన ఆత్మకథకు 'నో లీడింగ్ లేడీ' అనే పేరు పెట్టుకున్నాడంటే ఆ మాట ఎంత గుచ్చుకుందో చూడండి. చివరికి 1928 డిసెంబరు 9న ఒక నాటక సంఘం ధైర్యం చేసి ప్రదర్శించింది. ముఖ్యపాత్ర వేసింది అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ల లారెన్స్ ఒలీవియర్. నెలన్నర తిరక్కుండానే సవోయ్ థియేటర్‌కు వెళ్లింది, లండన్‌లో దాదాపు 600 ప్రదర్శనలు నడిచింది. టిక్కెట్టు కొన్నవాళ్లలో ట్రెంచ్‌లు చూసొచ్చినవాళ్లూ, కొడుకుల్ని పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. జవాను గౌరవం పోయిందని వాళ్లేమీ థియేటర్ ఖాళీ చేయలేదు.

ఆ నాటకంలో కథంతా 1918 మార్చిలో, ఫ్రాన్స్‌లోని సెయింట్ క్వెంటిన్ ఎదుట, నేలలో తవ్విన ఒక్క గదిలో నడుస్తుంది. జర్మన్ల పెద్ద దాడి ఇవాళో రేపో వస్తుందని అందరికీ తెలుసు. వాళ్లేం మాట్లాడుకుంటారు? సూప్‌లో మిరియాల పొడి లేదని రుసరుసలాడతారు. ట్రాటర్ అనే లావుపాటి ఆఫీసరు ఆరు రోజుల డ్యూటీకి 144 గంటలని లెక్కేసి, కాగితం మీద 144 సున్నాలు చుట్టి, గంట గడిచినప్పుడల్లా ఒకదాన్ని నల్లగా నింపుతుంటాడు. మనసు ఎంత ఒత్తిడిలో ఉందో చెప్పడానికి రచయిత పేజీ డైలాగు రాయలేదు, నటుడి చేతికి ఒక పెన్సిలు ఇచ్చాడు. మన పోటీల్లో ఇలాంటి చేష్టకు మార్కులెన్ని వేస్తారో న్యాయనిర్ణేతలు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాలి.

కెప్టెన్ స్టాన్‌హోప్ పద్దెనిమిదేళ్లకు స్కూలు నుంచి నేరుగా వచ్చాడు. మూడేళ్లయింది. విస్కీ లేకపోతే ఆ మెట్లెక్కి ట్రెంచ్‌లోకి పోలేడు. తాగకపోతే పిచ్చెక్కిపోతానని తనే ఒప్పుకుంటాడు. అతను ప్రేమించిన పిల్ల తమ్ముడు రాలీ, చిన్నప్పటి నుంచి ఇతన్ని హీరోగా చూసినవాడు, ఏరికోరి అతని కంపెనీకే (సైనిక దళానికే) వస్తాడు. తన తాగుడు గురించి ఆ కుర్రాడు అక్కకు ఎక్కడ రాసేస్తాడోనని స్టాన్‌హోప్ అతని ఉత్తరం లాక్కుంటాడు. చదివి చూస్తే అందులో ఉన్నదంతా పొగడ్తే: ఎంత కష్టపడతాడో, అందుకే ఎంత అలసిపోయి ఉంటాడో అని. సిగ్గుతో చచ్చిపోయే సీను అది. ఒక్క తూటా పేలదు.

ఇక హిబ్బర్ట్. మేం ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం ఆ పాత్రే. నరాల నొప్పి, తల బద్దలైపోతోంది, ఆసుపత్రికి పంపించమంటాడు. అది వంక అని స్టాన్‌హోప్‌కు తెలుసు. వెళ్లడానికి వీల్లేదంటాడు. హిబ్బర్ట్ చేతికర్రతో కొట్టబోతాడు. స్టాన్‌హోప్ రివాల్వర్ తీస్తాడు, అర నిమిషం టైం ఇస్తాడు, ఉంటావా పోతావా. హిబ్బర్ట్ కళ్లు మూసుకుని నిలబడతాడు. కాల్చేయమంటాడు. అప్పుడు కెప్టెన్ రివాల్వర్ దించేసి అతన్ని మెచ్చుకుంటాడు. హిబ్బర్ట్ భోరుమంటాడు, పైన వినపడే ప్రతి చప్పుడుకూ ఒళ్లు చల్లబడిపోతోందని చెబుతాడు. నాకూ అచ్చం అలాగే ఉంటుంది, ముందే ఎందుకు చెప్పలేదు అంటాడు స్టాన్‌హోప్. పద, ఇద్దరం కలిసే డ్యూటీకి పోదాం అంటాడు.

ధైర్యవంతుడు, పిరికివాడు అని మనం రెండు వేషాలుగా కుట్టుకున్న బట్టలు ఆ సీనులో ఒకే ఒంటి మీదకి వస్తాయి. మెడల్ ఉన్నవాడికీ వణుకు ఉంది. వణికేవాడూ డ్యూటీ ఎక్కాడు. ఇందులో జవాను గౌరవానికి ఎక్కడ భంగం కలిగిందో కమిటీవారు మాకు చూపించాలి.

ఇదేదో ఇంగ్లీషువాళ్ల వ్యవహారం, మనకెందుకంటారా? మన విరాటపర్వంలోనే ఉంది. ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి యుద్ధానికి బయల్దేరాడు. కౌరవసేన కనపడగానే రోమాలు నిక్కబొడుచుకుని, రథం దూకి పరుగెత్తాడు. మన వేదిక మీద ఆ పాత్ర అంటే ఈలలే ఈలలు, నవ్వులే నవ్వులు. అక్కడితో దాన్ని వదిలేశాం. ఆ తర్వాత ఏం జరిగింది? బృహన్నల వెంటపడి పట్టుకుని, చంపలేదు, ఊరంతా చాటలేదు. యుద్ధం నేను చేస్తాను, నువ్వు పగ్గాలు పట్టు చాలన్నాడు. రథం దూకి పారిపోయిన ఆ కుర్రాడే భీష్మ ద్రోణుల మధ్య నుంచి రథం తోలాడు. గెలుపు కూడా అతని పేరు మీదే వేయమన్నాడు అర్జునుడు. స్టాన్‌హోప్ హిబ్బర్ట్‌ను వెంటబెట్టుకుని పోవడానికీ దీనికీ తేడా ఎంత? భయాన్ని చూసి నవ్వుకున్న సీను దాచుకున్నాం, భయపడినవాడికి పగ్గాలిచ్చిన సీను పారేసుకున్నాం.

'జర్నీస్ ఎండ్'లో లోటు లేకపోలేదు. మతి చెదరడం, మనసు విరగడం అన్నీ ఆఫీసర్లకే. కింది సిపాయిల్లో బాగా కనపడేది వంటవాడు మేసన్, అతనిది హాస్యం కోటా. పెద్ద స్కూళ్లలో చదివినవాళ్ల బాధే బాధ అన్నట్టుంటుంది. ఆ లోటు తీర్చింది అదే 1928లో ఐర్లండ్‌వాడు షాన్ ఓకేసీ రాసిన 'ద సిల్వర్ టాసీ'. హ్యారీ హీగన్ డబ్లిన్ కూలి పేటల్లోని ఫుట్‌బాల్ ఆటగాడు. కప్పు గెలిచి యుద్ధానికి పోతాడు, నడుం కింద చచ్చుబడి చక్రాల కుర్చీలో తిరిగొస్తాడు. అతని పిల్ల అతన్ని కాపాడి తెచ్చిన స్నేహితుడితోనే డాన్సు చేస్తుంటే చూస్తూ కూర్చోవాలి. రెండో అంకంలో ట్రెంచ్ దగ్గర సైనికులు మామూలుగా మాట్లాడరు, దైవప్రార్థనలాగా గొంతు కలిపి పాడతారు. డబ్లిన్‌లోని అబ్బే థియేటర్ ఆ నాటకాన్ని తిరస్కరించింది. తిరస్కరించినవాళ్లలో మహాకవి యేట్స్ ఉన్నాడు. స్క్రూటినీ కమిటీలో ఎంతటివారున్నా పొరపాటు పొరపాటే. మరుసటి ఏడు లండన్‌లో ఆడింది.

యుద్ధం ముగిశాక మిగిలినవాడి సంగతి ఫ్రాంక్ మెక్‌గిన్నెస్ 1985లో రాశాడు. 1916 జూలై 1న సోమ్ దాడి మొదలైన ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చనిపోయారు. ఆయన నాటకంలో ఆ దాడికి వెళ్లిన ఎనిమిది మంది అల్‌స్టర్ (ఉత్తర ఐర్లండ్) కుర్రాళ్లలో ఒక్కడే బతుకుతాడు. ముసలివాడై, మంచం మీద నుంచి చచ్చిపోయినవాళ్లతో మాట్లాడుతుంటాడు. నాటకం అక్కడ మొదలవుతుంది. ఇక 1963లో బ్రిటిష్ దర్శకురాలు జోన్ లిటిల్‌వుడ్ బృందం ఇవేవీ కాకుండా పాటలు, జోకులు, జోకర్ల బట్టలతో యుద్ధాన్ని ఆడింది. నటులు హుషారుగా పాడుతుంటే వెనక లైట్ల బోర్డు మీద చచ్చినవాళ్ల లెక్క నడుస్తుంటుంది. ఇది చదివినప్పుడల్లా మాకు బుర్రకథ గుర్తొస్తుంది. హాస్యం చెప్పే వంత ఒకపక్క, రాజకీయం చెప్పే వంత ఇంకోపక్క ఉన్న కళ మన చేతిలో ఉంది. ఆ పని మనకు రాదని కాదు, ఎవరూ చేయనివ్వడం లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఒక సీను కోసేస్తే ఏమవుతుంది, నాటికే కదా అనుకోవచ్చు. నష్టపోయేవాళ్ల వరస ఇది.

1. ముందుగా ఇంటికొచ్చిన జవాను. మా నాటికలో హవల్దారుకు మూలం మా ఊరి మనిషే, నాకు బాబాయి వరస. అందరూ మిలిటరీ ఆయన అనేవాళ్లు. దీపావళి వచ్చిందంటే కుర్రాళ్లకు ఆయనే ఆట. చప్పుడు కాకుండా వెనకగా వచ్చి లక్ష్మీబాంబు అంటించి పారిపోయేవాళ్లు. అది పేలగానే ఆయన చేతిలో ఏది ఉంటే అది వదిలేసి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని గోడ వారకు బోర్లా పడుకునేవాడు. అరుగుల మీద పెద్దవాళ్లు కూడా కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. లేచి దుమ్ము దులుపుకుని, ఎవరివంకా చూడకుండా ఇంట్లోకి పోయి తలుపేసుకునేవాడు. రెండో రోజు కిరాణా కొట్టుకు కూడా వచ్చేవాడు కాదు. ఆ నవ్వినవాళ్లు చెడ్డవాళ్లు కారు. భయపడిన సైనికుణ్ని చూస్తే నవ్వాలని తప్ప ఇంకోటి వాళ్లకు ఎవరూ చూపించలేదు. వాళ్లు చూసిందల్లా ఉత్తరకుమారుణ్నే.

2. ఆ జవాను భార్య. "మనిషి మారిపోయాడండీ" అన్న మాట మాకు రిహార్సల్స్ టైంలో ఎదురైన కుటుంబాల్లో వినపడుతూనే ఉంది. పలకరిస్తే ఉలికిపడతాడు, పిల్లల మీద చెయ్యి చేసుకుంటాడు, మిలిటరీ క్యాంటీన్ మందుతో తప్ప నిద్రపోడు. తాగుబోతు అని ఊరు తేల్చేస్తుంది. దిష్టి తగిలిందని అత్తగారు తేల్చేస్తుంది. బీపీకి, షుగర్‌కు మాజీ సైనికుల పాలీక్లినిక్‌కు వెళ్లే మనిషి ఈ సంగతి మాత్రం డాక్టరుకు చెప్పడు, చెబితే 'మెంటల్' అంటారని. స్టాన్‌హోప్ విస్కీ ఎందుకు తాగుతున్నాడో చూసిన ప్రేక్షకురాలికి తన ఇంట్లో సీసా వేరుగా కనపడుతుంది. చూడనివ్వకపోతే ఎలా?

3. సర్వీసులో ఉన్న కుర్రాడు. నాటికల్లో చూసిన జవానుకు ఎప్పుడూ టెన్షన్ ఉండదు. తనకుంది. అంటే తనలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు, దాచిపెడతాడు. హిబ్బర్ట్‌కు కనీసం నోరు తెరిచే అర నిమిషం దొరికింది.

4. మన చరిత్ర. మొదటి ప్రపంచ యుద్ధానికి దాదాపు 13 లక్షల మంది భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు, 74,000 మంది దాకా తిరిగి రాలేదు. 1914 సెప్టెంబరులో ఫ్రాన్స్ రేవు మార్సెయ్‌లో దిగిన మన పటాలాలు ఆ చలికాలమంతా ఫ్రాన్స్ బురదలో ఉన్నాయి, 1915 మార్చిలో న్యూవ్ షపెల్ దాడిలో ముందు నడిచాయి. వాళ్ల ఉత్తరాలను సెన్సారు చదివేది. అందుకని ఒకాయన ఇంటికి రాస్తూ, ఇండియా నుంచి వచ్చిన నల్లమిరియాలన్నీ వాడేశారు అన్న అర్థంలో రాశాడు. నల్లమిరియాలంటే మనవాళ్లు. షెరిఫ్ నాటకంలో మిరియాల గొడవ చదివినప్పుడు ఈ ఉత్తరమే మాకు గుర్తొచ్చింది. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఎందుకంటారో మీకందరికీ తెలుసు. ఆ ఊరి నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులు వెళ్లారు. తిరిగొచ్చినవాళ్లు రాత్రిళ్లు ఎలా పడుకున్నారన్న ప్రశ్నతో మొదలయ్యే నాటిక ఒక్కటైనా మీ పోటీలకు వచ్చిందా? వస్తే స్క్రూటినీ దాటుతుందా?

'సైన్యం మనోధైర్యం దెబ్బతింటుంది' అన్న అభ్యంతరం మాకు చెప్పకపోయినా ఆ 'గౌరవానికి భంగం' మాట వెనక అదే ఉందని తెలుసు. అందుకో మాట. స్టాన్‌హోప్ చివరిదాకా కంపెనీని వదలడు. వెన్నెముక విరిగిన రాలీని మంచం మీద పడుకోబెట్టి, వాడు పోయాక మెట్లెక్కి పైకి వెళ్లిపోతాడు, దాడి జరుగుతున్న చోటికే. భయం తెలిసినవాడు నిలబడటం పెద్దదా, భయమే తెలియని బొమ్మ నిలబడటం పెద్దదా? రెండోదానికి చప్పట్లు కొడుతూ మొదటివాణ్ని పోటీ నుంచే బయట పెడుతున్నాం.

మా కోరికలు:

1. 'జవాను గౌరవానికి భంగం' అన్న మాట స్క్రూటినీలో కారణంగా వాడటం మానేయాలి. సైన్యాన్ని కావాలని కించపరిచే స్క్రిప్టు వస్తే ఏ డైలాగు, ఏ సీను అన్నది రాసి చూపించి తిరస్కరించండి, ఒప్పుకుంటాం. భయం, వణుకు, నిద్రలేమి, ఏడుపు కించపరచడం కిందికి రావు.

2. తిరస్కరించిన ప్రతి స్క్రిప్టుకూ రెండు వాక్యాల కారణం లిఖితపూర్వకంగా పంపాలి. ఫోన్లో "చూద్దాం లెండి" చాలదు.

3. ముగింపులో జెండా, వందేమాతరం పెట్టమని అడగొద్దు. కథకు కావాల్సినప్పుడు అవే వస్తాయి. లైట్‌మ్యాన్‌కు తెలుసు, ఆ జెండా మీద లైటు పడగానే చప్పట్లు గ్యారంటీ. ఆ గ్యారంటీయే రచనను పాడు చేస్తోంది.

4. ప్రతి పోటీలోనూ అనువాద నాటకానికి ఒక స్లాటు ఇవ్వాలి, అందులో ఈ కందకాల నాటకాలకు చోటు దొరకాలి. హక్కుల సంగతి కూడా కనుక్కున్నాం. షెరిఫ్ 1975లో పోయాడు కాబట్టి మన చట్టం ప్రకారం 2035 చివరిదాకా అనుమతి తీసుకోవాలి. ఓకేసీ పోయింది 1964లో, ఆయన నాటకాలు 2025 నుంచి మన దేశంలో ఎవరైనా అనువదించి ఆడుకోవచ్చు. ఇందుకు డబ్బు కూడా అక్కర్లేదు, మనసుంటే చాలు. విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖలకు కూడా ఇదే మనవి. అనువాదాలు విద్యార్థుల చేత చేయించండి, మేం ఆడతాం.

5. న్యాయనిర్ణేతలు వాచికానికి (డైలాగు చెప్పే తీరుకు) ఇచ్చే మార్కులు మౌనానికీ ఇవ్వాలి. సున్నాలు నింపే ట్రాటర్ లాంటి నటుడికి 'డైలాగు తక్కువ' అని కోత పడకూడదు.

6. మాజీ సైనికుల్ని పిలిచి శాలువా కప్పి పంపేయకండి. యుద్ధం కథ ఉన్న నాటికల రిహార్సల్స్‌కు ఒకరిద్దరిని కూర్చోబెట్టే బాధ్యత ఆయా సమాజాలది. వీలైతే మానసిక వైద్యుల్ని కూడా. మా నాటికలో తలుపు గడియ సీను మేం రాసిన తీరు తప్పని చెప్పింది ఒక రిటైర్డ్ సుబేదారే. గడియ చూసుకునేవాడు గదిలో లైటు వేయడు, చీకట్లోనే తడుముతాడు అన్నారు.

7. బాంబులు, కాల్పుల సౌండ్ ఎఫెక్టులున్న నాటిక ముందు మైకులో ఆ సంగతి చెప్పాలి. హాల్లో ఎవరు కూర్చున్నారో మనకు తెలియదు. అదే ప్రకటనలో ప్రభుత్వ టెలీ మానస్ (మానసిక ఆరోగ్య సహాయం) ఉచిత నంబరు 14416 కూడా చదవాలి. అర నిమిషం కూడా పట్టదు.

సాటి రచయితలకు, నటులకు ఒక మాట. నేరమంతా కమిటీల మీద వేసి మనం తప్పుకోలేం. స్క్రూటినీ దాటదేమోనని ముందే మన కలంతో మనమే ఆ సీను కొట్టేస్తున్నాం. మతిస్థిమితం లేని పాత్ర అనగానే జుట్టు చెరిపి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టి, నవ్వులకు వాడుకుంటున్నాం. ఇక ముందు వేషం వేసే ముందు అలాంటి మనిషి ఇంటికి ఒకసారి వెళ్లి రండి.

వచ్చే సీజన్ నిబంధనలు అచ్చుకు పోయేలోపు ఈ ఏడింటి మీద మీ నిర్ణయం బహిరంగంగా చెప్పమని కోరుతున్నాం. ఒప్పుకోనివి ఉంటే ఎందుకు ఒప్పుకోరో చెప్పండి, వచ్చి కూర్చుని మాట్లాడతాం. మళ్లీ మౌనమే అయితే, మా నాటికను మంచం సీనుతో సహా పరిషత్తు బయట, మాజీ సైనికుల సంఘాల హాళ్లలో, టిక్కెట్టు లేకుండా ఆడతాం. వేరే సమాజాలు ఎవరైనా వేసుకుంటామంటే స్క్రిప్టు ఉచితంగా ఇస్తాం. కోసి మాత్రం వేయకండి.

ఇట్లు,
ఒక చిన్న నాటక సమాజం తరఫున
రచయిత, దర్శకుడు